కుర్చీకి మూడు ముళ్ళు

పదేళ్ళ వయసులో నాకొక ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, సెలవుల్లేవు. మా నాన్న మాటని మా పెదనాన్నకీ, పెదనాన్న మాటని మా నాన్నకీ మొయ్యడమే ఆ ఉద్యోగం. మొయ్యడమంటే దూరాభారం ఏమీ కాదు. ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడే ఉండేవారు.

"అమ్మాయ్, నూలు బేళ్ళు దిగాయని మీ నాన్నతో చెప్పు" అనేవాడు పెదనాన్న, నాన్న మొహం చూస్తూనే.

"అమ్మాయ్, చూశానని మీ పెదనాన్నతో చెప్పు" అనేవాడు నాన్న, పెదనాన్న భుజం మీదుగా ఎటో చూస్తూ.

నేను మధ్యలో నిలబడి "చూశాట్ట పెదనాన్నా" అనాలి. అనకపోతే పని కదిలేది కాదు. ఇద్దరూ అలాగే నిలబడిపోయేవారు. ఒకసారి నాకు ఒళ్ళు మండి, నోట్లో జామకాయ ముక్క ఉందని చేత్తో సైగ చేసి ఊరుకున్నాను. ముక్క నమిలి మింగేదాకా ఇద్దరు పెద్దమనుషులూ బేళ్ళ మధ్య అలా కాచుకునే ఉన్నారు.

పటమటలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. గోడకి అటు పెదనాన్న ఇల్లు, మగ్గాలు. ఇటు మేము. నాన్నకి గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. పెదనాన్న నేయించిన చీరలు నాన్న అమ్మేవాడు. పెరటి గోడకి చిన్న దిడ్డి తలుపు ఉండేది. అందులోంచి మా అమ్మా, పెద్దమ్మా పొద్దస్తమానం కూరలూ పచ్చళ్ళూ ఇచ్చిపుచ్చుకునేవారు. మా ఇంటి గోంగూర పచ్చడి పెదనాన్న వాళ్ళింట్లో కూర్చుని తినేవాడు. మా ఇంట్లో మాత్రం చెయ్యి కడిగేవాడు కాదు. గుక్కెడు మజ్జిగ కూడా ముట్టేవాడు కాదు.

దీనికంతకీ కారణం గారెలు. గారెలు కూడా కాదు, ఒక సామెత.

మా మేనత్త పెళ్ళిలో జరిగిందది. భోజనాల ఏర్పాటు నాన్నది. పూలు తెచ్చే పని పెదనాన్నది. బందరు కాలవ మీద పూలబుట్టల పడవ ఆలస్యమై, పెదనాన్న గట్టున ఎండలో నిలబడి నిలబడి, బుట్టలు ఎత్తించుకుని వచ్చేసరికి మగపెళ్ళివారి మొదటి బంతి కూర్చుంది. మావైపు బంతి అంటే భోజనాల వరస. ఇంటికి పెద్దకొడుకు, పెళ్ళికూతురి అన్నగారు, ఆయన కూర్చోవలసింది బంతి మొదట్లో. అక్కడ చోటు లేదు. నాన్న చేతిలో పప్పుచారు బకెట్టు ఉంది. ఆ తొందరలో, ఆ చెమటలో, నవ్వుతూ అనేశాడు:

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చుంటేనేం అన్నయ్యా! పోయి ఆ చివర కూర్చో."

అందరూ వాడే సామెతే. మగపెళ్ళివారు కూడా నవ్వారు. పెదనాన్న పోయి ఆ చివర విస్తరి ముందే కూర్చున్నాడు. పప్పు వచ్చింది, కూర వచ్చింది. గారెల బుట్ట బంతి మొదట్లో బయల్దేరి, మగపెళ్ళివారి మొహమాటం లేని ఆకలి మీదుగా నడుచుకుంటూ, పెదనాన్న విస్తరికి రెండు విస్తళ్ళ ఇవతలే ఖాళీ అయిపోయింది. వడ్డించేవాడు మనవాడే. గారెలే లేవు.

పెదనాన్న విస్తరి ముందు నుంచి లేచాడు. పెళ్ళింట్లో విస్తరి ముందు నుంచి లేవడం అంటే ఎంత మాటో మావాళ్ళకి చెప్పక్కర్లేదు. "మీ నాన్నతో చెప్పు, వాడింట్లో ఇంక చెయ్యి కడగనని" అన్నాడు. దగ్గర్లో ఉన్నది నేను. అలా దొరికింది నాకు ఉద్యోగం.

తప్పెవరిదని నన్ను చాలామంది అడిగారు. ఇద్దరిదీ కాదని ఆనాడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గారెలకి పప్పు నానేసినవాళ్ళది.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు నా పెళ్ళి కుదిరింది. వరుడు బెజవాడలోనే ఓ ఆఫీసులో గుమాస్తా, బి.ఏ. చదివినవాడు. సంబంధం అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, అప్పట్లో ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. తాంబూలాలప్పుడు మా మామగారు ఒక్క కోరిక కోరారు. కట్నం మాట ఎత్తని మనిషి ఏం కోరతారా అని నాన్న ముందుకి వంగాడు.

"పొద్దున ముహూర్తం అయ్యాక, సాయంత్రం రిసెప్షను పెట్టాలండీ. అబ్బాయి ఆఫీసువాళ్ళు వస్తారు. కుర్చీలు వేయించాలి."

బెజవాడలో అప్పుడప్పుడే మొదలైన ముచ్చట అది. పటమటలో ఇంకా ఎవరూ చూసి ఎరగరు. నాన్న తలూపేసి ఇంటికొచ్చి, అరుగు మీద ఉన్న పెదనాన్నకి వినపడేలా, "అమ్మాయ్, సాయంత్రం రిసెప్షన్ట, మీ పెదనాన్నతో చెప్పు" అన్నాడు.

"రసీదా?" అన్నాడు పెదనాన్న. "పెళ్ళికి రసీదేమిటి? పిల్లనిచ్చి రసీదు పుచ్చుకుంటారా ఏమిటని మీ నాన్ననడుగు."

నాకు నవ్వు ఆగలేదు. నాన్నకీ ఆగలేదు. కానీ పెదనాన్న మాటకి నాన్న నవ్వకూడదు, అది రూలు. గబగబా లోపలికి పోయి దండెం మీది బట్టల్లో మొహం పెట్టి నవ్వుకున్నాడు. నేను చూశాను. ఆ ఒక్క నవ్వుతో నాకు దిగులు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఇద్దరి మధ్యా మాట మోసింది నేను. నేను అత్తారింటికి వెళ్ళిపోతే ఇంక మోసేదెవరు? పెద్దమ్మ పెదనాన్నకే భయపడుతుంది, మా అమ్మ బావగారి ఎదట నోరెత్తదు. పెదనాన్నకి పిల్లల్లేరు. మిగిలిన ఆ కాస్త మాటా నాతోనే గడప దాటిపోతుందనిపించింది. పెళ్ళికూతురికి పుట్టింటి మీద బెంగ ఉంటుందంటారు. నా బెంగంతా ఆ గోడ మీద.

కుర్చీలు గవర్నర్‌పేటలో ఒక సామాన్ల కొట్టు నుంచి బాడుగకి మాట్లాడాడు నాన్న. ఇనప మడత కుర్చీలు. అవి ఎన్ని కావాలన్నది చిక్కు కాదు. ఎవరు ఎక్కడన్నది చిక్కు. బంతి భోజనాలైతే ఆయనకి కొట్టిన పిండి. మగపెళ్ళివారు మొదట, వాళ్ళలో పెద్దలు మరీ మొదట, ఆ తర్వాత మనవాళ్ళు, అంతే. కుర్చీలైతే ముందు వరస, వెనక వరస, కుడి, ఎడమ, ఎవరి వీపు ఎవరి మొహానికి వస్తుంది, అల్లుళ్ళ ఎదట మామగార్లు, ఆఫీసర్ల పక్కన ఎవరు, ఇంత వ్యవహారం ఉంది.

కాగితం మీద రాయమని అమ్మ అంది. నాన్నకి కాగితం మీద మనుషులు కనపడరు. కొట్టు నుంచి కండెల బుట్ట తెచ్చాడు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్లలు అవి, వేలెడంత ఉంటాయి. వాటిని నడవలో నేల మీద వరసలుగా పేర్చాడు. నీలం కండెలు మగపెళ్ళివారు. ఎర్రవి మన చుట్టాలు. ఆకుపచ్చవి కొట్టు ఖాతాదార్లు. తెల్లవి ఆఫీసువాళ్ళు. ఒక్కొక్క కండెనీ చేత్తో పట్టుకుని "ఈయన గోదాట్లోకి దూకమన్నా దూకుతాడు గానీ తోడల్లుడి పక్కన కూర్చోడు" అనుకుంటూ జరిపేవాడు. ఆ నాలుగు రోజులూ మా నడవలో ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. అమ్మ ఓ పొద్దున పొరపాటున చీపురేసి, మామగారి మేనమామలందర్నీ నూతి గట్టు దాకా ఊడ్చేసింది. ఆ రోజు మా ఇంట్లో మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగలేదు.

బుట్టలో ఒకే ఒక పసుపు కండె ఉండేది. అది ఎవరిదో నేను అడగలేదు, నాన్న చెప్పలేదు. దాన్ని ముందు వరస నడిమధ్యన పెట్టేవాడు. కాసేపు చూసి తీసేసేవాడు. మగపెళ్ళివారికి కుడిపక్కన పెట్టేవాడు. మళ్ళీ తీసేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆ కండె నాన్న చొక్కా జేబులో ఉండేది.

నేను ఉండబట్టలేక దిడ్డి తలుపు తోసుకుని వెళ్ళాను. పెదనాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, పోగులు దూర్చే అచ్చు సవరిస్తున్నాడు.

"పెళ్ళికి వస్తున్నావా, లేదా?"

"రాకేం? కన్యాదానం దగ్గర నిలబడతాను. అక్షింతలేస్తాను. నా చేతుల్లో పెరిగినదానివి."

"భోజనానికి?"

పెదనాన్న నాడె విసిరాడు. టకటకమని పలక మోగింది. ఆయన జవాబు చెప్పకూడదనుకుంటే మగ్గమే మాట్లాడేది.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ రోజుల్లో, ఇప్పుడు కాస్త కిందికి దిగింది. "సరే పెదనాన్నా. ఎల్లుండి నుంచి మీ అన్నదమ్ములిద్దరూ కార్డు ముక్క మీద రాసుకుని పోస్టులో వేసుకోండి. పటమట నుంచి బెజవాడ వెళ్ళి ముద్రేయించుకుని మళ్ళీ పటమట రావాలి ఆ కార్డు. గోడవతలికి చేరేసరికి నూలు చెదలు పట్టిపోతుంది" అని విసురుగా వచ్చేశాను.

వెనక మగ్గం ఆగింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపొచ్చేది.

పెళ్ళి పొద్దున ముహూర్తానికి చక్కగా జరిగిపోయింది. పెదనాన్న వచ్చాడు, కొత్త ఉత్తరీయం వేసుకుని నాన్న పక్కనే నిలబడ్డాడు. నీళ్ళు పోసింది అమ్మ, వరుడి కాళ్ళు కడిగింది నాన్న, కళ్ళు తుడుచుకున్నది పెదనాన్న. అక్షింతలు వేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి దిడ్డి తలుపులోంచి నిశ్శబ్దంగా వాళ్ళింటికి వెళ్ళిపోయి, పెద్దమ్మ పొద్దునే వార్చి వెళ్ళిన అన్నం ఒక్కడే తిన్నాడు. ఊరంతా మా ఇంట్లో తింటుంటే గోడవతల ఒక్కడూ. నేను విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మా అత్తగారు "కొత్తమ్మాయికి సిగ్గు" అని మెచ్చుకున్నారు.

సాయంత్రం పందిట్లో కుర్చీలు వేశారు. ఏ కుర్చీ ఎవరిదో తెలియడానికి నాన్న ఒక ఉపాయం పన్నాడు. నేల మీద కండె రంగు ఏదైతే, కుర్చీ వీపుకి ఆ రంగు నూలు కట్టాడు. నీలం నూలున్న వరసలు మగపెళ్ళివారివి, ఎరుపు మనవాళ్ళవి, అలాగ. పిలిచి కూర్చోబెట్టడానికి మా పిన్నులకీ బాబాయిలకీ రంగులు చెప్పి ఉంచాడు. ముందు వరస మాత్రం రెండువైపుల పెద్దలది. పెదనాన్నకి ఒక్కడికే వేరే రంగు కడితే వేలెత్తి చూపించినట్టుంటుందని, ఆ వరస మొత్తానికి జేబులో ఉన్న కండె విప్పి పసుపు నూలే కట్టాడు. గంజి పెట్టిన నూలు, ఒక ముడి వేస్తే జారిపోతోంది. రెండు వేస్తే వదులవుతోంది. అందుకని ఒక్కొక్క కుర్చీకీ మూడేసి ముళ్ళు వేశాడు.

పసుపు తాడు, మూడు ముళ్ళు, పెళ్ళి పందిరి. ఆ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో మా నాన్నకి ఆ క్షణాన తట్టలేదు.

నేనూ ఈయనా పందిరి చివర బల్ల మీద ఎర్ర దుప్పటి పరిచిన సోఫాలో కూర్చున్నాం. పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. ముందుగా మా అత్తగారు ఆడంగులతో వచ్చారు. ముందు వరస దగ్గర ఆగారు. కుర్చీ వీపు మీది తాడు చూశారు. వంగి ముళ్ళు లెక్కపెట్టారు. వెంటనే రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నారు.

"ఏం నోమమ్మా ఇది? మావైపు లేదు."

నోము అనే మాట పడ్డదే తడవు, వెనకున్న పెద్దావిడ కుంకం భరిణె తీసి ఆ కుర్చీకి బొట్టు పెట్టింది. ఇంకొకావిడ తన జడలో చేమంతి తీసి తాడులో దోపింది. మా పిన్ని "అది గుర్తండీ, కూర్చోండి" అంటే, "మూడు ముళ్ళు పడ్డాక గుర్తేమిటమ్మా, అది పెళ్ళయిన కుర్చీ" అని అత్తగారు వెనక వరసకి వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళాక ఇంకెవరు కూర్చుంటారు? పెద్దలందరూ వచ్చినవాళ్ళు వచ్చినట్టు ముందు వరసకి దణ్ణం పెట్టి వెనక్కి పోయారు. పెద్దలు నీలం కుర్చీల్లో కూర్చుంటే నీలంవాళ్ళు ఎర్ర కుర్చీల్లోకి, ఎర్రవాళ్ళు ఆకుపచ్చవాటిలోకి, ఆకుపచ్చవాళ్ళు తెల్లవాటిలోకి జరిగారు. నాలుగు రోజులు నేల మీద పాకి పేర్చిన వరసలన్నీ చిక్కుపడ్డ నూలైపోయాయి. తోడల్లుళ్ళిద్దరూ పక్కపక్కనే పడ్డారు. ఖాళీగా మిగిలింది ముందు వరసొక్కటే, బొట్లూ పూలూ పెట్టుకుని, పేరంటానికి వచ్చినట్టు.

సరిగ్గా అప్పుడే ఈయన ఆఫీసువాళ్ళు జట్కా దిగారు. పెద్ద ఆఫీసరు ప్యాంటూ కోటూ వేసుకుని ఉన్నాడు. జంపఖానా మీద కూర్చోబెడదామన్నా ఆ ప్యాంటు వంగేలా లేదు.

నాన్నకి చెమటలు పట్టాయి. బొడ్లో ఎప్పుడూ ఉండే కొట్టు కత్తెర తీశాడు. తాళ్ళు కత్తిరించేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాడు. కత్తెర తాడు దగ్గరికి వెళ్ళిందో లేదో, ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమన్నారు.

"పెళ్ళి పందిట్లో పసుపుతాడు తెంపుతావా! చేతులెలా వచ్చాయయ్యా!"

మా అమ్మ జీవితంలో మొదటిసారి పదిమందిలో నాన్న చేతిలోంచి కత్తెర లాక్కుంది. తెంపకూడదు, విప్పకూడదు, కూర్చోకూడదు. ఆఫీసరు నిలబడి ఉన్నాడు. మామగారి మొహం వాడిపోతోంది. నాకు ఒకపక్క నాన్న మీద జాలి, ఒకపక్క నవ్వు. పెళ్ళికూతురు నవ్వకూడదని పెదవి కొరుక్కుంటుంటే, పక్కన ఈయన భుజాలు ఊగుతున్నాయి. ఆ భుజాలు చూశాకే నేను మంచివాణ్ణి చేసుకున్నానని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

పందిరి గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ పెదనాన్న అప్పుడు కదిలాడు. తిన్నగా ముందు వరస నడిమి కుర్చీ దగ్గరికి వచ్చాడు. తాడు పట్టుకుని చూశాడు. ముళ్ళు చూశాడు. బొట్టు చూశాడు. కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. ఆయన అలా నవ్వగా చూసి నాకు ఎన్నేళ్ళయిందో.

"కుర్చీకి పుస్తె కట్టినవాడు ఈ భూమ్మీద మా తమ్ముడొక్కడే!" అన్నాడు.

మా తమ్ముడు. 'మీ నాన్న' కాదు. నాన్న తల దించుకుని ఉన్నాడు, కానీ విన్నాడు. చెవులు ఎర్రబడటం నాకు బల్ల మీది నుంచే కనపడింది.

పెదనాన్న అందరివైపూ తిరిగి గొంతు పెంచాడు. "అమ్మా, తల్లుల్లారా! పురోహితుడు మంత్రం చదివాడా? లేదు. మేళం మోగిందా? లేదు. అక్షింతలు పడ్డాయా? లేదు. మంత్రం లేకుండా మూడు ముళ్ళేస్తే అది పెళ్ళి కాదు, మూట కట్టడం. ఈ పెళ్ళి చెల్లదు. అందరూ వచ్చి కూర్చోండి!" అని, నడిమి కుర్చీలో తానే మొదట కూర్చున్నాడు.

పందిరంతా ఘొల్లుమంది. మామగారు వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఆఫీసరు కూర్చున్నాడు. అత్తగారు కూడా మరొకసారి దణ్ణం పెట్టి, అంచున కూర్చున్నారు. నాన్న నాలుగు రోజులు ఏ చోట పెట్టాలా అని తడుముకున్న మనిషి, ఎవరూ పిలవకుండానే, సరిగ్గా ఆయన అనుకున్న చోటే కూర్చున్నాడు. నాన్న చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

ఆ తాళ్ళు మాత్రం ఎవరూ విప్పలేదు. సామాన్ల కొట్టాయన కూడా విప్పలేదు, ఆ పాపం నాకెందుకన్నాడట. తర్వాత చాలా కాలం బెజవాడలో ఏ సభకి వెళ్ళినా, ఎవరింట శుభకార్యానికి వెళ్ళినా, ముందు వరసలో ఒకటో రెండో కుర్చీలకి పసుపు నూలు పీలికలు కనపడేవి. చూసినప్పుడల్లా నాకు పుట్టింటివాళ్ళు కనపడినట్టుండేది.

పలహారాలయ్యాయి, ఆఫీసువాళ్ళు వెళ్ళారు. ఇంక మిగిలింది మగపెళ్ళివారి బంతి. జంపఖానాలు పరిచి పందిట్లోనే పొడుగ్గా అరిటాకులు వేశారు. మొదట్లో మామగారి ఆకు, దాని పక్కన మా ఇద్దరివీ. మామగారికి ఎదురుగా, బంతికి మొట్టమొదటి చోట, ఇంకొక ఆకు వేయించాడు నాన్న. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. పీట కూడా వేయించాడు. ఆ పీట పక్కన నిలబడ్డాడు. నిలబడి పెదనాన్నని పిలవలేకపోయాడు. ఎనిమిదేళ్ళుగా అలవాటు తప్పిన మాట నోట్లోంచి రాదు కదా. నావైపు చూశాడు. 'అమ్మాయ్, మీ పెదనాన్నతో చెప్పు' అనే చూపు.

పెదనాన్న దిడ్డి తలుపువైపు వెళ్తాడేమోనని ఆయన కాళ్ళవంకే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చాడు. పీట చూశాడు. దాన్ని దాటుకుని, మొదటి ఆకు, పదో ఆకు, అన్నీ దాటుకుంటూ, బంతి కొస దాకా నడిచి, చిట్టచివరి ఆకు ముందు చతికిలబడ్డాడు. అది గాడిపొయ్యికి దగ్గర, పొగ వచ్చే చోటు.  మళ్ళీ లేస్తాడనే మా చుట్టాలందరి భయం.

అక్కడి నుంచి కేకేశాడు. "అమ్మాయ్! వడ్డించేవాడు మనవాడేనేమో మీ నాన్ననడుగు!"

నాకు స్పష్టంగా వినపడింది. ఆ మాటకి అర్థం కూడా అందరికంటే ముందు నాకే తెలిసింది. లేచి గంతెయ్యాలనిపించింది. కానీ నేను బంతి మొదట్లో ఉన్నాను, ఆయన చివర ఉన్నాడు. కొత్త కోడలు అత్తారి బంతిలోంచి అంత దూరం కేకలెయ్యకూడదు. అంతకంటే, నాకే అనాలనిపించలేదు. తల వంచుకుని ఆకులో ఉప్పు సర్దుకుంటూ కూర్చున్నాను. మొదటిసారి నేను మాట మొయ్యలేదు.

నాన్న ఒక్క క్షణం నాకోసం ఆగాడు. నేను తలెత్తలేదు. అప్పుడు వడ్డించే అతని చేతిలోంచి గారెల బుట్ట లాక్కుని, బంతి మొదట్లో మొదలెట్టాల్సిన మనిషి, అందర్నీ వదిలేసి చివరికి నడిచాడు. కాదు, పరిగెత్తాడు. పెదనాన్న ఆకులో రెండు గారెలు వేశాడు. 

పెదనాన్న ఒక గారె తిన్నాడు. రెండోదీ తిన్నాడు. నాన్న బుట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. పెదనాన్న అలవాటుగా నోరు తెరిచాడు. "అమ్మాయ్, మీ నాన్నతో..." అని నాకోసం చూశాడు. నేను చాలా దూరంలో, మగపెళ్ళివారి మధ్య, ఈయన పక్కన ఉన్నాను. చూసి ఆగాడు. తమ్ముడి మొహంలోకి తలెత్తాడు.

"ఇంకోటి వెయ్యరా" అన్నాడు.

నాన్న ఒకటి వెయ్యలేదు. బుట్ట వంచేశాడు. ఆకు మీద గారెలు కుప్పపడ్డాయి. "చాల్రా, చాల్రా వెధవా" అని పెదనాన్న అరుస్తున్నాడు, "తిను అన్నయ్యా, తిను" అని నాన్న ఏడుస్తున్నాడు, దిడ్డి తలుపు దగ్గర అమ్మా పెద్దమ్మా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. పొయ్యి మీద ఇంకో వాయి వేగుతోంది గానీ, ఈ లోపల మా వైపుకి గారె అన్నది రాలేదు. నా పెళ్ళి బంతిలో నా ఆకులో గారె లేదు. అంత కమ్మటి భోజనం నేను మళ్ళీ చెయ్యలేదు.

పాపం మామగారు ఖాళీ ఆకు చూసుకుని, బంతి చివర ఆ గోల చూసి, మెల్లిగా నావైపు వంగారు.

"అమ్మాయ్, ఇటువైపు కూడా మనుషులున్నారని మీ నాన్నతో కాస్త చెప్పమ్మా."

అప్పటికి నేను ఆ ఇంటి కోడలినై ఒక పూటే. అయినా నోరు ఊరుకోలేదు.

"మీరే చెప్పండి మామయ్యగారూ" అన్నాను. "నేనా ఉద్యోగం మానేశాను."